కంపైలర్ మూడో దశను ఎగ్గొట్టొద్దు
(అనంతపురంలో ఇంజినీరింగ్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఇంత ఎండలో వచ్చి కూర్చున్న పిల్లలకు నమస్కారం. పెద్దల పేర్లు ఇప్పటికే రెండుసార్లు చదివారు, నేను మళ్లీ చదవను.

ఉచిత సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడమన్నారు. నేనడిగేది ఒక్కటే. మనం రాసిన కోడ్‌ను మిషన్ భాషలోకి మార్చేది కంపైలర్; అలాంటి ఉచిత కంపైలర్ జీసీసీ. దాన్ని సోర్సు నుంచి, అంటే మనుషులు రాసిన కోడ్ నుంచి, కట్టేటప్పుడు ‘డిజేబుల్ బూట్‌స్ట్రాప్’ అనే ఆప్షన్ పెట్టి, మూడు దశల పనిని ఒక్క దశతో కానిచ్చేస్తున్నారు, అది మానండి.

పెరుగుకు నిన్నటి పెరుగు తోడు కావాలి. కంపైలర్‌కూ అంతే, ముందొక కంపైలర్ ఉండాలి. అందుకే జీసీసీ తనను తాను మూడుసార్లు కట్టుకుంటుంది: మొదటిది మిషన్‌లో ఉన్న పాత కంపైలర్‌తో, రెండోది మొదటిదానితో, మూడోది రెండోదానితో. దీన్నే బూట్‌స్ట్రాప్ అంటారు. తర్వాత రెండో, మూడో దశల ఆబ్జెక్టు ఫైళ్లను, అంటే కంపైలర్ పుట్టించిన మిషన్ కోడ్ ముక్కలను, పోల్చి చూస్తుంది. అవి అచ్చం ఒకేలా ఉండాలి. తేడా వచ్చిందంటే రెండో దశ కంపైలర్ తప్పు కోడ్ పుట్టిస్తోందన్నమాట. పోలికే తీసేస్తే ఆ తప్పు మీ ప్రోగ్రాముల్లో బయటపడుతుంది, అప్పుడు తిట్లు మీకు.

కట్టేది సోర్సు డైరెక్టరీలో కాదు నాయనా, పక్కన ఖాళీ డైరెక్టరీలో. జీఎంపీ, ఎంపీఎఫ్‌ఆర్, ఎంపీసీ అనే లెక్కల లైబ్రరీలు కావాలి; సోర్సులోని ‘కాంట్రిబ్’ ఫోల్డరులో ఉన్న స్క్రిప్టు వాటిని దించుతుంది. 32 బిట్ లైబ్రరీలు లేకపోతే, 32 బిట్‌కూ 64 బిట్‌కూ కట్టే మల్టీలిబ్ ఆపేయండి, అది ఆపినా నష్టం లేదు. కట్టే పనిని నడిపే ‘మేక్’ కమాండుకు, ఒకేసారి ఎన్ని పనులు చేయాలో చెప్పే జే ఆప్షన్ ఇచ్చి పక్కన అంకె మరిచారా, పనులన్నీ ఒక్కసారే మొదలై మెమరీ నిండుతుంది, ఆపరేటింగ్ సిస్టమ్ గుండె అయిన కెర్నల్ కంపైలర్‌ను చంపేస్తుంది.

కంపైలరే కూలిపోయిందని చెప్పే ‘ఇంటర్నల్ కంపైలర్ ఎర్రర్’ ప్రతిసారీ ఒకేచోట వస్తే సాఫ్ట్‌వేర్‌ను అనుమానించండి. ఒక్కోసారి ఒక్కోచోట వస్తే ర్యామ్‌ను, ఫ్యాన్‌కు పట్టిన దుమ్మును చూడండి. మధ్యలో కరెంటు పోయిందా? సగం రాసిన ఆబ్జెక్టు ఫైలు పూర్తయిందనుకుని ‘మేక్’ ముందుకెళ్తుంది, ముక్కలన్నీ కలిపే లింకు దగ్గర తన్నుతుంది. సున్నా సైజు ఫైళ్లను వెతికి తీసేయండి; అనుమానముంటే డైరెక్టరీ మొత్తం చెరిపి మళ్లీ మొదలుపెట్టండి. మదర్‌బోర్డు బ్యాటరీ చచ్చిన పాత సిస్టమ్‌లో ముందు గడియారం సరిచేయండి. ఏ ఫైలును మళ్లీ కట్టాలో తేల్చడానికి ‘మేక్’ నమ్మేది ఫైళ్ల తేదీలనే.

ఇంకోటి చెప్పకపోతే మోసమవుతుంది. ఈ పోలిక దొంగను పట్టదు. సోర్సులో కనబడని దొంగ కోడ్‌ను కంపైలర్ తరతరాలకూ మోసుకుపోగలదని యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకడైన కెన్ థాంప్సన్ 1984లో అచ్చయిన ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో చూపించాడు. అలాంటిది రెండో దశలోనూ మూడో దశలోనూ ఒకేలా దాక్కుంటుంది. దానికి మందు వేరు. పాత కంపైలర్‌ను నమ్మాల్సిన పని లేకుండా, గిక్స్ అనే లినక్స్ పంపిణీ వాళ్లు 2023లో 357 బైట్ల విత్తనం లాంటి చిన్న ప్రోగ్రాం నుంచి మొదలుపెట్టి, మెస్, టైనీ సీ అనే చిన్న కంపైలర్ల మీదుగా జీసీసీ దాకా కట్టుకొచ్చారు.

పిల్లలు మూడో దశను ఎందుకు ఎగ్గొడుతున్నారో తెలిసిందే, సాయంత్రం 5కు ల్యాబ్‌కు తాళం పడుతుంది. ల్యాబ్ ఇన్‌చార్జి గారూ, వెనక వరసలో ఉన్నారు కదా, యూపీఎస్ ఉన్న సిస్టమ్ ఒక్కటి రాత్రికి ఆన్‌లో వదిలేయండి సార్.