హీరో ఒకడు, యజమానులు ఇద్దరు: క్రాసోవర్ సినిమాల హక్కులపై బరంపురం స్టూడియోలో చర్చ

యాంకర్: నమస్కారం. మార్వెల్ సూపర్ హీరోల సినిమా 'అవెంజర్స్: డూమ్స్‌డే'లో ఇంతకుముందు వేరే స్టూడియో చేతిలో ఉన్న పాత ఎక్స్-మెన్ నటులు కూడా ఉన్నారని 2025 మార్చిలో ప్రకటించారు. అప్పట్నుంచీ మన గంజాం, గజపతి, రాయగడ కుర్రాళ్ల మధ్య ఒకటే వాదన. స్టూడియోలన్నీ ఒకడే కొనేస్తే తప్ప వేర్వేరు సినిమాల హీరోలు ఒకేచోట కలిసే ఇలాంటి క్రాసోవర్ సినిమాలు రావా? లేక హక్కులు పంచుకుంటే చాలా? ముగ్గురికీ సమానంగా సమయం ఇస్తాను. అసలు మన తెలుగు సూపర్ హీరోలు ఇద్దరు ఒకే తెరమీద ఎప్పుడు కనిపిస్తారన్నది కూడా తేల్చుకుందాం. ముందు రాయగడ విద్యార్థి.

విద్యార్థి: తొంభైల్లో కామిక్స్ కంపెనీ అయిన మార్వెల్‌కి సొంతంగా సినిమా తీసే స్తోమత లేదండి. ఎక్స్-మెన్‌ని ఫాక్స్‌కి ఇచ్చేసింది. 1996 చివర్లో దివాలా పిటిషన్ వేసింది. ఆ తర్వాత స్పైడర్‌మ్యాన్ సోనీ చేతికి వెళ్లాడు. అందుకే 2012లో మొదటి 'అవెంజర్స్' వచ్చినప్పుడు అందులో స్పైడర్‌మ్యానూ లేడు, ఎక్స్-మెన్ హీరో వుల్వరీనూ...

పంపిణీదారు: ఆగు బాబూ. అమ్ముకోవడంలో తప్పేటి? చేతిలో డబ్బు లేనోడు అమ్ముకుంటాడు. నేనడిగేది ఒకటే. ఆ కాగితంలో గడువెందుకు పెట్టారు? ఇన్నేళ్లలో సినిమా మొదలెట్టకపోతే హక్కు వెనక్కి వచ్చేస్తాదన్నారు. సగం చెత్త సినిమాలు ఆ గడువు వల్లే వచ్చాయి.

న్యాయవాది: అది సగం నిజమే. గడువు లేకపోతే...

పంపిణీదారు: ఉండమ్మా, పూర్తి చెయ్యనీ. మార్వెల్ హీరోల మొదటి 'ఫెంటాస్టిక్ ఫోర్' సినిమా సంగతి చూడండి. 1992 డిసెంబరులో, హక్కు చెల్లిపోయే ముందు హడావిడిగా కెమెరా ఆన్ చేశారు. పది లక్షల డాలర్లలో సినిమా చుట్టేశారు. ఇప్పటికీ హాల్లో విడుదల కాలేదు! హక్కు నిలబెట్టుకోడానికే తీశారది. కౌలుకిచ్చిన చేలో ఏటా నాగలి దిగకపోతే లాగేసుకుంటానంటే, రైతు ఏం చేస్తాడు? ఏవో గింజలు చల్లేస్తాడు.

యాంకర్: బాగా చెప్పారు సార్. మరి మన తెలుగులో...

న్యాయవాది: నా మాట కూడా వినండి. ఆ గడువు ఉండబట్టే డేర్‌డెవిల్ అనే హీరో ఫాక్స్ చేతినుంచి జారి మార్వెల్‌కి తిరిగొచ్చాడు. 2015లో అంత మంచి సిరీస్ వచ్చింది. గడువు లేకపోతే కొన్నవాడు తీయడు, ఇంకొకరిని తీయనివ్వడు. మన కాపీరైట్ చట్టం, 1957, 19వ సెక్షన్‌లోనూ ఇదే సూత్రం ఉంది. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, హక్కు తీసుకున్నవాడు ఏడాదిలోపు వాడుకోకపోతే అది రద్దయిపోయినట్టే. గడువు రాయకపోతే ఐదేళ్లు. ప్రాంతం రాయకపోతే ఇండియా మొత్తం.

పంపిణీదారు: ప్రాంతం! ఆ మాట అన్నారు కాబట్టి చెప్తాను. ఇలాంటి సినిమాకి నేను చేసుకున్న అగ్రిమెంటు కాగితంలో ఏరియా అన్నచోట ఒడిశా అని ఒక్క ముక్క. భాష అన్నచోట హిందీ, ఇంగ్లీషు. తెలుగు అన్న అక్షరం లేదు. నా హాల్లో కూర్చునేది సగం మంది తెలుగోళ్లే. వాళ్లేం చేశారు? ఇచ్ఛాపురం బస్సెక్కి వెళ్లి తెలుగులో చూసొచ్చారు. మన భాషలో సినిమా చూడ్డానికి మనం సరిహద్దు దాటాలా?

యాంకర్: ఇది చాలా ముఖ్యమైన విషయం. అంటే మన సొంత తెలుగు క్రాసోవర్ ఉంటే ఈ బాధ ఉండదు కదా?

విద్యార్థి: సార్, మనం క్రాసోవర్ గురించి కదా మాట్లాడుతున్నాం. క్విక్‌సిల్వర్‌ని చూడండి, ఎక్స్-మెన్ కథల్లోనూ అవెంజర్స్ కథల్లోనూ ఉన్న హీరో. 2014లో ఫాక్స్ సినిమాలో ఒక నటుడు, 2015లో మార్వెల్ సినిమాలో ఇంకో నటుడు. పాత్ర అదే. కానీ మార్వెల్ సినిమాలో అతన్ని మ్యూటెంట్, అంటే ఎక్స్-మెన్‌లా పుట్టుకతో శక్తులున్నవాడు, అనకూడదు. ఎక్స్-మెన్ విలన్ మాగ్నెటో కొడుకని చెప్పకూడదు. పుట్టుకే తీసేశాక ఇక ఆ పాత్రలో ఏం మిగులుతుంది? నాకు నిజంగా బాధేసిందండి.

పంపిణీదారు: అందుకే ఒకడే కొనాలి! 2019 మార్చిలో మార్వెల్ యజమాని డిస్నీ 7,130 కోట్ల డాలర్లు పోసి ఫాక్స్‌ని తీసుకుంది. 2024లో డెడ్‌పూల్, వుల్వరీన్ మార్వెల్ గూటికి వచ్చేశారు. అంతే.

న్యాయవాది: స్పైడర్‌మ్యాన్‌ని ఎవరూ కొనలేదు. 2015లో సోనీ, మార్వెల్ మాట్లాడుకున్నాయి, 2016లో అతను అవెంజర్స్ పక్కన నిలబడ్డాడు. హక్కు ఇప్పటికీ సోనీదే. పంచుకోవడానికి దారి ఉంది.

పంపిణీదారు: మరి 2019 ఆగస్టులో ఏటయ్యింది? ఆ ఒప్పందం చెడిపోయింది కదా!

న్యాయవాది: సెప్టెంబరులోనే కలిశారు!

పంపిణీదారు: వాటాల గొడవ తీరాక కలిశారు. పెట్టుబడి ఎవడిది, లాభమెంత అని తేలేదాకా పిల్లలు ఏడ్చారు. ఒకడే యజమాని అయితే ఆ ఏడుపే లేదు.

యాంకర్: ఒకడే యజమాని... సరే, మన 'హనుమాన్' 2024 సంక్రాంతికి వచ్చింది. అందులో ఆంజనేయస్వామికి హక్కుదారుడెవడు? ఎవడూ లేడు. అంటే మనకి ఏ అడ్డూ లేదు కదా మేడమ్?

న్యాయవాది: పురాణ పాత్ర అందరిదీ. సినిమాలో కల్పించిన హీరో, అతని వేషం, కథ మాత్రం నిర్మాతవి. ఇద్దరు నిర్మాతల హీరోలు కలవాలంటే మళ్లీ ఇవే సంతకాలు కావాలి. పైగా ఎవరూ అడగని ప్రశ్న ఇంకొకటుంది. ఆ బొమ్మలు గీసినవాళ్లకి ఏం దక్కింది? మార్వెల్ హీరోలెందరినో గీసిన జాక్ కిర్బీ వారసులు మార్వెల్‌తో ఏళ్లపాటు కోర్టుల్లో పోరాడారు. 2014లో...

పంపిణీదారు: అది వేరే కథమ్మా.

న్యాయవాది: వేరే కాదండీ, మొదటి కథే అది.

యాంకర్: మేడమ్, ఒక్క నిమిషం. సార్ ఏదో అంటున్నారు.

పంపిణీదారు: నేననేది ఒకటే. ఒకడే యజమాని, ఒకే కాగితం. గడువు తీసెయ్యండి. ఆ కాగితంలో తెలుగు రాయండి.

విద్యార్థి: ఒకడే యజమాని అయితే పోటీ ఉండదు కదండీ. సోనీ సొంతంగా తీసుకోబట్టే 'స్పైడర్-వర్స్' యానిమేషన్...

పంపిణీదారు: బొమ్మల సినిమా సంగతి తర్వాత బాబూ.

యాంకర్: సమయం అయిపోవచ్చింది. సార్ చెప్పినట్టు ఒకే యజమాని ఉంటే చిక్కులు తగ్గుతాయన్నది స్పష్టంగా...

న్యాయవాది: నేను ఒప్పుకోలేదండీ! కిర్బీ విషయం సగంలోనే ఆపేశారు.

యాంకర్: విరామం తర్వాత మేడమ్. మన తెలుగు హీరోల క్రాసోవర్ మీద ప్రేక్షకుల ఫోన్లు తీసుకుందాం.

పంపిణీదారు: ఫోన్లకి ముందు నాకొక్క నిమిషం ఇవ్వండి. ఆ అగ్రిమెంటులో రెండో పేజీ ఉంది చూశారూ, అందులో...