వరిగడ్డి బేళ్ల గోడని రెవిట్‌లో గీయడం ఎట్లా?

[స్క్రీన్: కేసీ కాలువ కింద కోత అయిన వరి మడి, బేలర్ తిరుగుతోంది]

నమస్తే. ఈ గడ్డితో ఇంటి గోడ కట్టొచ్చు. అమెరికాలో నెబ్రాస్కా ఇసుక గుట్టల మధ్య కలప దొరక్క, 1800ల చివర్లో రైతులు మొదలుపెట్టిన పద్ధతి ఇది. కర్నూలు ఎండలకి ఇది బాగా సరిపోతుందని నా నమ్మకం. ఈరోజు ఆ గోడని రెవిట్‌లో, అంటే ఇళ్ల నమూనాలు గీసే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌లో, గీద్దాం.

ముందు టేపు పట్టుకుని పొలానికి వెళ్లండి. గుండ్రటి చుట్టలు గోడకి పనికిరావు. ఆదోని పత్తి బేళ్లలా పలకగా ఉన్నవే కావాలి. పది బేళ్లు కొలిచి సగటు తీయండి. నేను 18 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల ఎత్తు తీసుకుంటున్నాను.

[స్క్రీన్: ఎడిట్ స్ట్రక్చర్ విండో]

బేళ్లని ఒక్కొక్కటిగా పేర్చి గీయకండి. నేను మొదట్లో అట్లాగే చేశాను. ఫైల్ బరువెక్కింది, కిటికీ కాస్త జరిపితే పనంతా మళ్లీ మొదటికొచ్చింది. ఒకే వాల్ టైప్‌లో మూడు పొరలు చాలు: బయట 30 మి.మీ. సున్నం, మధ్యలో 450 గడ్డి, లోపల 30 మట్టి పూత. రెండు పూతలూ గాలి ఆడేవే ఉండాలి. సిమెంట్ పూస్తే లోపలికి చేరిన తేమ బయటికి రాలేక గడ్డి కుళ్లుతుంది.

గడ్డి మెటీరియల్‌లో థర్మల్ కండక్టివిటీ (ఆ పదార్థం వేడిని ఎంత ప్రసరింపజేస్తుందో చెప్పే అంకె) 0.065 వేయండి. యూ-వాల్యూ, అంటే మొత్తం గోడ గుండా వేడి ఎంత దాటుతుందో చెప్పే అంకె, 0.14 దగ్గర వస్తుంది. మన 9 అంగుళాల ఇటుక గోడకి అది దాదాపు 2. అంటే బయటికీ లోపలికీ 15 డిగ్రీల తేడా ఉంటే, ఇటుక గోడలో చదరపు మీటరుకి 30 వాట్ల వేడి లోపలికి వస్తుంది, ఇందులో రెండు వాట్లే. బేలుని నిలువుగా నిలబెడితే మందమూ, కండక్టివిటీ రెండూ మారతాయి. దానికి వేరే టైప్ చేసుకోండి.

లొకేషన్ లైన్‌ని, అంటే గోడని ఏ గీత పట్టి గీస్తామో దాన్ని, లోపలి ఫినిష్ ఫేస్‌కి (పూత పైముఖానికి) పెట్టండి. లేకపోతే 10×12 గది చిన్నదైపోతుంది. చిన్న ప్లాటులో ఈ మందం నిజంగా ఇబ్బందే, ఇంటాయనకి ముందే చెప్పండి.

ప్రతి 14 అంగుళాలకీ (ఒక బేలు ఎత్తు) ఒక రిఫరెన్స్ ప్లేన్, అంటే కొలతకి ఆనవాలు గీత, గీసి, కిటికీ అడుగుని వాటి మీదే కూర్చోబెట్టండి. బేలు కోసే పని తప్పుతుంది. స్లాబ్ బరువు గడ్డి మీద వేయొద్దు, స్తంభాలూ దూలాలూ వేరుగా గీయండి.

[స్క్రీన్: గోడ సెక్షన్]

గడ్డి నేలని తాకకూడదు. కింద అడుగున్నర బేతంచెర్ల రాయి గోడ గీసి, గడ్డి గోడ అంత ఎత్తులో మొదలయ్యేలా బేస్ ఆఫ్‌సెట్ ఇవ్వండి. మధ్యలో తేమ పైకెక్కకుండా ఒక పొర, చెదల మందు తప్పనిసరి. ప్లాటు హంద్రీ పక్కనైతే, 2009 అక్టోబరు వరదలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఆ వీధి పెద్దవాళ్లని అడిగి, ఆ ఎత్తులో ఒక లెవెల్ గీయండి. ఆ గీత గడ్డి పొరని తాకితే, అక్కడ రాయో ఇటుకో వాడండి.