నాగావళిలోకా, వంశధారలోకా?

నమస్కారం. శ్రీకాకుళం నుంచి మాట్లాడుతున్నాను. మా మేనకోడలు ఇంటర్ బైపీసీ చదువుతోంది. మొన్న అన్నం తింటూ అడిగింది: "మావయ్యా, ఒళ్లంతా ఒకే డీఎన్ఏ అంటారు కదా. మరి కంట్లో కణం కన్నుగానే, కాలేయంలోది కాలేయంగానే ఎందుకుంటుంది?" ఈ వీడియో మొత్తం ఆ ప్రశ్నకే.

మన రెండు నదుల మధ్య కొండల మీద వాన పడుతోందనుకోండి. కొండ నెత్తికి ఇటు పడిన చుక్క నాగావళిలో కలిసి, మన ఊరి మీదుగా పోయి కళ్లేపల్లి దగ్గర సముద్రంలో పడుతుంది. అటు పడితే వంశధార, కళింగపట్నం. నీరు ఒకటే, తేడా జానెడే. 1957లో వాడింగ్టన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త కణం గురించి ఇలాంటి బొమ్మే వేయించారు. పైన ఒక గోళీ, కింద చీలిపోతున్న లోయలు. గోళీ అంటే కణం, ఒక్కో లోయ అది మారబోయే ఒక్కో రకం. ఆ లోయల్ని అడుగు నుంచి తాళ్లతో లాగి పట్టుకున్నవి జన్యువులు.

మొట్టమొదటి చీలిక ఎలుక పిండంలో బాగా తెలుసు. ఒక కణం రెండవుతుంది, నాలుగు, ఎనిమిది, పదహారు. పదహారు దగ్గర కొన్ని లోపల ఇరుక్కుంటాయి, మిగతావి బయట ఉంటాయి. బయటి కణానికి ఒక పక్క ఖాళీ. అందుకే అక్కడ యాప్ అనే ప్రొటీన్ కేంద్రకంలోకి వెళ్లి సీడీఎక్స్2 జన్యువును లేపుతుంది. అది లేచాక ఆక్ట్4 అనే ఇంకో జన్యువును నోరెత్తనివ్వదు. ఆ కణాలు మావి వైపు పోతాయి. లోపలి కణం చుట్టూ తోటి కణాలే. అక్కడ యాప్ గుమ్మం దాటదు, ఆక్ట్4 నిలబడుతుంది. బిడ్డ వచ్చేది ఆ కణాల నుంచే!

సీడీఎక్స్2 లేని ఎలుక పిండం గర్భసంచికి అతుక్కోలేదు. 2017లో లండన్‌లో మానవ పిండాల్లో ఆక్ట్4 పని చేయకుండా చేస్తే, అవి బ్లాస్టోసిస్ట్‌గా, అంటే గర్భసంచికి అతుక్కోబోయే ముందరి పిండంగా, సరిగా ఎదగలేకపోయాయి.

"అంతా జన్యువుల్లోనే రాసుంది" అని మనం తేలిగ్గా అనేస్తాం. నేను ఒప్పుకోను. లోపలి కణంలోనూ, బయటి కణంలోనూ ఉన్న రాత ఒకటే. ఏ పేజీ తెరవాలో చెప్పింది అవి కూర్చున్న చోటు.

పిల్ల అంతటితో వదల్లేదు. "సముద్రం దాకా వచ్చిన చుక్క మళ్లీ కొండెక్కదు కదా, మావయ్యా?"

నదిలో ఎక్కదమ్మా. కణం ఎక్కింది. 2006లో జపాన్‌లో యమనక, తకహాషి ఎలుక చర్మ కణాల్లోకి నాలుగు జన్యువులు పంపారు. అవి చర్మమన్న సంగతే మరిచిపోయి, ఒంట్లో ఏ కణమైనా కాగల స్థితికి తిరిగొచ్చాయి. ఆ నాలుగింట్లో ఒకటి ఆక్ట్4.