పేరు ఒకటే, నంబరు వేరు

వ్యాఖ్యాత: నమస్కారం. విండోస్ డొమైన్‌లోని, అంటే ఖాతాలన్నీ ఒకే చోటి నుంచి నడిచే నెట్‌వర్క్‌లోని గ్రూపులను లినక్స్ ఫైల్ సర్వర్ ఎలా పోల్చుకుంటుందో ఈరోజు మాట్లాడుకుందాం. రెండు వైపులా ‘అకౌంట్స్’ అనే పేరుతో గ్రూపు పెడితే సరిపోదా అండీ?

అతిథి: చాలామంది బోల్తా పడేది అక్కడే. నేనూ పడ్డాను. పేరు మనుషుల సౌకర్యం కోసమే. విండోస్ ప్రతి గ్రూపుకూ ఎస్‌ఐడీ అనే పొడవాటి గుర్తింపు ఇస్తుంది. అది ఎస్-1-5-21తో మొదలవుతుంది, మధ్యలో డొమైన్‌ను తెలిపే మూడు పెద్ద సంఖ్యలు, చివర ఆ డొమైన్‌లో ఆ గ్రూపును తెలిపే ఆర్‌ఐడీ అనే సంఖ్య. ‘డొమైన్ యూజర్స్’ ఏ డొమైన్‌లోనైనా 513తోనే ముగుస్తుంది, ‘డొమైన్ అడ్మిన్స్’ 512తో. లినక్స్‌కు ఇదంతా పట్టదు. దానికి జీఐడీ అనే మామూలు సంఖ్య ఒక్కటి చాలు. ఫైలుతో పాటు డిస్కు మీద ఉండేదీ ఆ సంఖ్యే, పేరు కాదు.

వ్యాఖ్యాత: మరి మధ్యలో దుబాసీ ఎవరు?

అతిథి: లినక్స్‌ను విండోస్ నెట్‌వర్క్‌తో కలిపే సాంబా అనే సాఫ్ట్‌వేర్‌లోని విన్‌బైండ్. అయితే ఆ దుబాసీ ఏ నిఘంటువు చూసుకోవాలో మనమే చెప్పాలి. టీడీబీ పద్ధతి పెడితే, ముందు వచ్చిన గ్రూపుకు ముందు నంబరు. ఆ పట్టిక ఆ ఒక్క సర్వర్‌లోనే ఉంటుంది, పక్క సర్వర్‌కు తెలియదు.

వ్యాఖ్యాత: మీరు బోల్తా పడింది ఇక్కడేనా?

అతిథి: సరిగ్గా ఇక్కడే. పాత సర్వర్ నుంచి కొత్తదానికి ఫైళ్లు తరలిస్తూ, నంబర్లను ఉన్నవి ఉన్నట్టే ఉంచమని, ఫైళ్లను నకలు చేసే ఆర్‌సింక్‌కు చెప్పాను. పాతదాంట్లో 10003 అంటే అకౌంట్స్. కొత్తదాంట్లో 10003 అంటే డిజైన్. మర్నాడు జాబితా తీస్తే జీతాల పట్టిక ఎదురుగా, గ్రూపు ఉండాల్సిన చోట ‘డిజైన్’ అని ఉంది! ఎక్కడా ఒక్క ఎర్రర్ రాలేదు. సర్వర్ తన లెక్క ప్రకారం సరిగ్గానే పనిచేసింది.

వ్యాఖ్యాత: అమ్మో! తర్వాత ఏం చేశారు?

అతిథి: ఆర్‌ఐడీ పద్ధతికి మారాను. అందులో నంబరు కేటాయించడం ఉండదు, లెక్క కట్టడమే. ఆ డొమైన్‌కు మనం ఇచ్చిన జీఐడీల పరిధి 100000తో మొదలైతే, 1104 ఆర్‌ఐడీ ఉన్న గ్రూపు 101104 అవుతుంది. ఆకృతీకరణ ఒకటే అయితే ఎన్ని సర్వర్లలోనైనా అదే జవాబు. డొమైన్లు రెండుంటే మాత్రం పరిధులు ఒకదాని మీద ఒకటి పడకూడదు.

వ్యాఖ్యాత: లినక్స్ వైపు ముందే స్థిరపడిన నంబర్లుంటే?

అతిథి: అప్పుడు ఏడీ పద్ధతి. జీఐడీని యాక్టివ్ డైరెక్టరీలోనే, అంటే విండోస్ డొమైన్ ఖాతాల పట్టికలోనే, గ్రూపు వివరాల్లో రాసిపెడతారు. రాయడం మరిచిపోతే ఆ గ్రూపు లినక్స్‌కు కనిపించదు, అంతే.

వ్యాఖ్యాత: పద్ధతి మార్చగానే పాత ఫైళ్లు సర్దుకుంటాయా?

అతిథి: సర్దుకోవు. వాటి మీద పాత నంబరే ఉంటుంది. విన్‌బైండ్ జ్ఞాపకాన్ని ‘నెట్ క్యాష్ ఫ్లష్’తో తుడిచి, పాత నంబరున్న ఫైళ్లను ‘ఫైండ్’ కమాండ్‌తో వెతికి, గ్రూపు మార్చాలి. అది నాకు ఒక రాత్రి పని. ఇప్పుడు కొత్త సర్వర్ పెడితే ఫైళ్ల జోలికి వెళ్లకముందే రెండు తెరలు పక్కపక్కన తెరిచి, గ్రూపు నంబరు చూపే ‘గెట్‌ఎంట్ గ్రూప్ అకౌంట్స్’ కమాండ్‌ను రెండిట్లోనూ కొడతాను. నంబర్లు కలిస్తేనే తరలింపు.