ఈసీజీ చదవడం ఎక్కడ మొదలుపెట్టాలి?

వైద్య, నర్సింగ్ విద్యార్థులందరికీ నమస్కారం.

గుండె విద్యుత్తును గీతలుగా చూపే ఈసీజీ కాగితం చేతికి రాగానే మనలో చాలామంది చూపు నేరుగా ఎస్‌టీ భాగం (ప్రతి స్పందనలో పెద్ద శిఖరం తర్వాత వచ్చే గీత) మీదికి పోతుంది. గుండెపోటు ఉందో లేదో తేల్చుకోవాలన్న ఆత్రం సహజమే. కానీ చదవడం అక్కడ మొదలుపెట్టకూడదు.

ముందు కాగితం అంచు చూడండి. రోగి పేరు, తీసిన సమయం సరిచూసుకున్నాక, వేగం సెకనుకు 25 మిల్లీమీటర్లు, ఎత్తు ఒక మిల్లీవోల్టుకు 10 మిల్లీమీటర్లు అని ఉందో లేదో గమనించండి. ఎవరైనా వేగాన్ని 50కి మార్చి వదిలేస్తే, నిమిషానికి 80 సార్లు కొట్టుకునే గుండె మన లెక్కలో 40గా తేలుతుంది. పేస్‌మేకర్ గురించి చర్చ కూడా మొదలైపోతుంది!

25 వేగంలో చిన్న గడి 0.04 సెకన్లు, పెద్ద గడి 0.20 సెకన్లు. రెండు ఆర్ శిఖరాల (ప్రతి స్పందనలో నిటారుగా లేచే మొనల) మధ్య ఎన్ని పెద్ద గడులున్నాయో లెక్కపెట్టి, 300ను ఆ సంఖ్యతో భాగిస్తే నిమిషానికి స్పందనల రేటు వస్తుంది. నాలుగు గడులుంటే 75. లయ తప్పినప్పుడు, ముఖ్యంగా పీ తరంగాలే (గుండె పై గదుల విద్యుత్తును చూపే చిన్న అలలు) కనబడని ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో, అంటే పై గదులు క్రమం తప్పి వణికే స్థితిలో, ఈ సూత్రం పనికిరాదు. అప్పుడు 30 పెద్ద గడుల్లో, అంటే ఆరు సెకన్లలో, వచ్చిన క్యూఆర్‌ఎస్‌లను (కింది గదుల విద్యుత్తును చూపే, ఆర్ శిఖరం ఉండే తరంగాలను) లెక్కపెట్టి పదితో హెచ్చించాలి.

ఇక లీడ్ల సంగతి, అంటే గుండె విద్యుత్తును ఒక్కో కోణం నుంచి చూపే నమోదుల సంగతి. లైడెన్‌లో పనిచేసిన విల్లెం ఐంథోవెన్ రోగి చేతులను, ఎడమ కాలిని ఉప్పునీటి పాత్రల్లో పెట్టించి గుండె విద్యుత్తును నమోదు చేశారు. ఆ కృషికి 1924లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఆయన నిర్ణయించిన మొదటి లీడ్ నేటికీ అదే: ఎడమ చేతికీ కుడి చేతికీ మధ్య ఉన్న వోల్టేజి తేడా. కాబట్టి హడావుడిలో చేతుల వైర్లు తారుమారైతే ఆ లీడ్ మొత్తం తలకిందులవుతుంది, కుడి చేతివైపు నుంచి చూసే ఏవీఆర్ లీడ్‌లో పీ తరంగం పైకి లేస్తుంది. గుండె కుడివైపున ఉన్నా ఇలాగే కనిపిస్తుంది. ఈ రెంటినీ విడదీసేది ఛాతీ లీడ్లే (వీ1 నుంచి వీ6 వరకు): వైర్లు మారినప్పుడు వీ1 నుంచి ఆర్ తరంగం మామూలుగానే పెరుగుతూ వస్తుంది, గుండె కుడివైపున ఉంటే వీ6 వైపు వెళ్లేకొద్దీ చిన్నదైపోతుంది. ఈ పరీక్ష అర నిమిషం పని. దీన్ని వదిలేసి రోగ నిర్ధారణకు దిగడం నా దృష్టిలో క్షమించరాని తొందర.

పీఆర్ విరామం (పీ మొదలు నుంచి క్యూఆర్‌ఎస్ మొదలు వరకు) మూడు నుంచి ఐదు చిన్న గడులు, క్యూఆర్‌ఎస్ వెడల్పు మూడు చిన్న గడుల లోపు ఉండాలి. ఇవి చూశాకే ఎస్‌టీ దగ్గరికి రండి. అక్కడ కూడా ఒక్క లీడ్‌ను నమ్మకండి. గుండెను కింది నుంచి చూసే రెండో, మూడో, ఏవీఎఫ్ లీడ్లలో ఎస్‌టీ కలిసి లేస్తే గుండె కింది గోడను అనుమానించాలి.

ఈసీజీ మామూలుగా ఉన్నంత మాత్రాన గుండెపోటు లేదని చెప్పలేం. నొప్పి తగ్గకపోతే పావుగంట, అరగంట వ్యవధిలో మళ్లీ తీయాలి, దొరికితే పాత ఈసీజీని పక్కన పెట్టుకుని పోల్చాలి. తీసిన ప్రతి కాగితం మీదా ఆ క్షణాన రోగికి నొప్పి ఉందో లేదో పెన్నుతో రాయండి; తర్వాత షిఫ్టులో చదివేవారికి ఆ సంగతి యంత్రం చెప్పదు.