సంతకం ఎవరిది? వైద్య పరిశోధన కథల్లో మనిషి, సర్కారు

(హనుమకొండలో కథకులు, వైద్య విద్యార్థులు కలిసి కూర్చున్న ఒక సాహిత్య సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరుసల్లో ఉన్న వైద్య విద్యార్థులకు, వెనక కూర్చున్న కథకులకు నమస్కారం.

మన ఊరికున్న ఒక ప్రత్యేకత గురించి మనం పెద్దగా మాట్లాడుకోం. ఇక్కడి ఆరోగ్య విశ్వవిద్యాలయానికి ఒక కవి పేరు పెట్టుకున్నాం. కాళోజీ డాక్టరు కాదు, శాస్త్రవేత్త కాదు. నిజాం కాలంలో జైలుకు పోయినవాడు, తర్వాత వచ్చిన ప్రభుత్వాలనూ పౌరహక్కుల కోసం నిలదీసినవాడు. 2002 నవంబర్‌లో ఆయన కన్నుమూశాక దేహాన్ని కాకతీయ మెడికల్ కాలేజీకి అప్పగించారు. సర్కారుతో మనిషికుండే గొడవ, వైద్యం చదువుకునే పిల్లల టేబుల్ మీది దేహం, రెండూ ఆ ఒక్క పేరు కిందికే వస్తాయి. ఇవాళ్టి అంశం మాట్లాడుకోవడానికి ఇంతకన్నా తగిన ఊరు నాకు తోచడం లేదు.

అంశం ఏమిటంటే, వైద్య పరిశోధన మీద వచ్చే కథలు, నవలల్లో వ్యక్తి స్వేచ్ఛ, ప్రభుత్వ అదుపు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ కథల్లో తగాదా దాదాపు ఎప్పుడూ శాస్త్రవేత్తకూ సర్కారుకూ మధ్యే నడుస్తుంది. శాస్త్రవేత్త గెలిస్తే స్వేచ్ఛ గెలిచిందంటాం, సర్కారు గెలిస్తే కట్టడి గెలిచిందంటాం. సూది ఎవరి ఒంట్లోకి దిగుతుందో ఆ మనిషి మాత్రం మంచం మీద పడుకుని ఉంటాడు. అతనికి పేరుండదు, మాటుండదు. స్వేచ్ఛ గురించి మాట్లాడాలంటే ముందు అతన్ని లేపి కూర్చోబెట్టాలి.

మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ 1818లో వచ్చింది. అందులో కొత్త ప్రాణిని తయారుచేయాలని విక్టర్ చేసే ప్రయోగానికి అనుమతి ఇచ్చేవాడు లేడు, ఇదేం పని అని అడిగేవాడు లేడు. పూర్తి స్వేచ్ఛ. ఆ ప్రయోగంలోంచి లేచి వచ్చిన ప్రాణి మాత్రం, నన్నిలా తయారుచేసి ఎందుకు వదిలేశావని సృష్టించినవాణ్ని నిలదీస్తుంది. రెండు వందల ఏళ్ల తర్వాత కూడా ఆ నవలలో నన్ను పట్టి ఊపేది ఆ గొంతే. హక్స్‌లీ 1932లో రాసిన ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ ఇంకో కొస. అక్కడ పిల్లలు సీసాల్లో పెరుగుతారు, ఎవరు ఏ పనికి పుట్టాలో రాజ్యమే నిర్ణయిస్తుంది. తర్వాత వచ్చిన కథల్లో చాలావాటికి ఈ రెండిట్లో ఏదో ఒక నీడ ఉంటుంది.

నేను కొంచెం ఎక్కువసేపు ఆగాలనుకుంటున్నది సింక్లెయిర్ లూయిస్ 1925లో ప్రచురించిన ‘ఆరోస్మిత్’ దగ్గర. పాల్ డి క్రూఫ్ అనే సూక్ష్మజీవ శాస్త్రవేత్తను పక్కన పెట్టుకుని రాసిన నవల కాబట్టి అందులో ప్రయోగశాల ప్రయోగశాలలాగే ఉంటుంది. కరీబియన్ దీవిలో ప్లేగు పడుతుంది. మార్టిన్ ఆరోస్మిత్ దగ్గర ఒక కొత్త మందు ఉంది. అది నిజంగా పనిచేస్తుందని రుజువు కావాలంటే సగం మందికి ఇవ్వాలి, సగం మందికి ఇవ్వకూడదు. అలాగే చేస్తానని గురువుకు మాటిచ్చి వచ్చాడు. ఆ దీవిలోనే భార్య లియోరా ప్లేగుతో చనిపోతుంది. ఆ దుఃఖంలో మాట తప్పి, అడిగిన వాళ్లందరికీ మందు వేసేస్తాడు. ప్రాణాలు దక్కి ఉండవచ్చు, రుజువు మాత్రం చేజారింది.

శాస్త్రం గొప్పదా, దయ గొప్పదా అన్న చర్చ ఆ నవల చుట్టూ ఇప్పటికీ నడుస్తుంది. అది మంచి చర్చే. కానీ ఆ దీవి జనం వైపు నుంచి ఒకసారి చూడండి. మందు ఆపాలన్నా డాక్టరు ఇష్టమే, ఇవ్వాలన్నా డాక్టరు ఇష్టమే. మీ పేటకు మందు వేస్తాం, పక్క పేటకు వేయం, కారణం ఇదీ, ఒప్పుకుంటారా అని వాళ్లను కూర్చోబెట్టి అడిగే సన్నివేశం మీద ఆ నవల బరువు ఆనదు. డాక్టరు మనసులోని నలుగుబాటు అంత బాగా రాసిన రచయితకు అది కూడా కథ అని తోచలేదు. ఆ కాలం అలాంటిది.

కథలు పక్కన పెట్టి మన దేశం వైపు రండి. 1897 జనవరిలో హాఫ్కిన్ అనే శాస్త్రవేత్త బొంబాయిలో తాను తయారుచేసిన ప్లేగు టీకాను ముందు తన ఒంట్లోకే ఎక్కించుకున్నాడు. తర్వాత బైకుల్లా జైల్లో ఖైదీల మీద పరీక్షించారు. ఖైదీలు తమంతట తామే ముందుకొచ్చారని రాశారు. జైల్లో ఉన్నవాడు ‘సరే’ అంటే దాన్ని ఎంతవరకు సరే అనుకోవాలి? అదే ఏడాది ఫిబ్రవరిలో బ్రిటిష్ సర్కారు అంటువ్యాధుల చట్టం తెచ్చింది. పుణేలో సోల్జర్లు ఇళ్లలోకి చొరబడి సోదాలు చేశారు. జూన్‌లో ప్లేగు అధికారి రాండ్‌ను చాపేకర్ సోదరులు కాల్చారు. మళ్లీ అదే ఏడాది ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ దోమలు కుట్టింది హుసేన్ ఖాన్ అనే రోగిని. దోమకు ఒక అణా లెక్కన అతనికి ముట్టింది. 1902లో నోబెల్ వచ్చింది రాస్‌కు. ఆ గదిలో జ్వరంతో పడుకుని, చేతి మీద దోమ వాలుతుంటే కదలకుండా ఉన్న హుసేన్ ఖాన్ ఏమనుకున్నాడు? తెలుగు కథకుడికి ఇది చేతికందే దూరంలో ఉన్న కథ.

ఇంకా దగ్గరికి వద్దాం. ములుగు దాటి గోదావరి వెంట కిందికి పోతే భద్రాచలం. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖ క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. ఒక విదేశీ సంస్థ, మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పరిశీలన అది. సుమారు 14 వేల మంది పిల్లలు, అందులో చాలామంది ఆదివాసులు, హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. తర్వాత విచారణలో తేలిందేమిటంటే, చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2,763 మీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లు.

ఈ విషయంలో జాగ్రత్తగా మాట్లాడాలి. ఆ కాలంలో చనిపోయిన పిల్లల మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణ తేల్చింది. ఆ టీకా మంచిదే, చాలా దేశాల్లో ఆడపిల్లల ప్రాణాలు కాపాడుతోంది. నా బాధ టీకా గురించి కాదు. రెండు వేల ఏడు వందలకు పైగా కాగితాల మీద, అమ్మానాన్న పెట్టాల్సిన చోట వార్డెన్ సంతకం ఉంది. తల్లి మిరప చేలోనో, బీడీ ఆకుల కోతలోనో ఉంది. పిల్ల బడిలో వరుసలో నిలబడి ఉంది. వార్డెన్ చెడ్డవాడు కాకపోవచ్చు, పైనుంచి ఆర్డరు వచ్చింది, చేశాడు. ఇక్కడ సర్కారు అదుపు తక్కువ కాలేదు, అవసరానికి మించింది. రక్షణ పేరుతో మనిషి బదులు తానే సరే అనేసింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగానే తప్పుపట్టింది. నేను ఆ వార్డెన్ మీద కథ చదవాలనుకుంటున్నాను. రాత్రి పది గంటలకు ట్యూబ్‌లైటు కింద ఒకే పెన్నుతో వందోసారి సంతకం పెడుతున్నప్పుడు ఆయన చెయ్యి ఎక్కడైనా ఒకచోట ఆగి ఉంటుంది కదా!

అయితే సర్కారు అదుపంటే ఇదేనని అనుకుని, పరిశోధకుణ్ని వదిలేయండి అంటే ఏమవుతుందో కూడా తెలుసు. 1960లో, అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏలో కొత్తగా చేరిన ఫ్రాన్సిస్ కెల్సీ టేబుల్ మీదికి థాలిడోమైడ్ ఫైలు వచ్చింది. అప్పటికే యూరప్‌లో గర్భిణులు వాంతులకు వాడుతున్న మందు. కంపెనీ వాళ్లు తిరుగుతూనే ఉన్నారు, ఫోన్లు చేస్తూనే ఉన్నారు. ఆధారాలు చాలవు, ఇంకా తెండి అని ఆమె సంవత్సరానికి పైగా ఆపింది. ఈలోగా వేరే దేశాల్లో చేతులు, కాళ్లు సరిగా ఎదగని పిల్లలు పుట్టారు, పదివేల మందికి పైగా. సంతకం పెట్టకుండా ప్రాణాలు నిలబెట్టిన గుమాస్తాగిరీ అది. నవలలు మాత్రం ఇలాంటి అధికారిని ఎప్పుడూ అడ్డుపుల్లలు వేసే విలన్‌గానే చూపిస్తాయి. ఫైలు ఆపడంలో ఉన్న ధైర్యం సీన్‌గా రాయడం కష్టమే, కానీ రాయవచ్చు.

అదే ఎఫ్‌డీఏ ఆఫీసు ముందు 1988 అక్టోబర్‌లో ఎయిడ్స్ రోగులు, వాళ్ల మిత్రులు బైఠాయించారు. మీ పరీక్షలు పూర్తయ్యేసరికి మేం బతికి ఉండం, మందు ఇప్పుడివ్వండి అన్నారు. ఒకప్పుడు ప్రాణం కాపాడిన జాగ్రత్తే ఇప్పుడు ప్రాణం తీస్తోందన్నది వాళ్ల వాదన. ఆ తర్వాత, పరీక్షలు పూర్తికాని మందులు అందుకునే దారులు వెడల్పయ్యాయి, పరిశోధన ఎలా జరగాలన్న సమావేశాల్లో రోగులకు కుర్చీ దొరికింది. రోగి నోరు తెరిచాక తగాదా రూపమే మారిపోయింది.

మన ఊళ్లో ఈ తగాదా పుస్తకాల్లోది కాదు. పిల్లల డాక్టరు రామనాథం పౌరహక్కుల నాయకుడు కూడా. 1985 సెప్టెంబర్ 3న ఆయన్ను తన క్లినిక్‌లోనే పోలీసులు కాల్చి చంపారు. ఒక చేత స్టెతస్కోపు, ఇంకో చేత హక్కుల కరపత్రం పట్టుకున్న డాక్టరు మనకు ఊహించి రాసే పాత్ర కాదు, ఆయన దగ్గర సూది వేయించుకున్న పిల్లలు ఇవాళ ఈ హాల్లో ఉండవచ్చు.

ఇక అన్నిటికన్నా నన్ను ఇబ్బంది పెట్టే సంగతి. 2017లో జమ్మికుంట వైపు నుంచి యువకులు మందుల పరీక్షలకు డబ్బుల కోసం పోతున్నారన్న వార్తలు పేపర్లకెక్కాయి. పేటెంటు అయిపోయిన మందుకు ఇంకో కంపెనీ నకలు తయారుచేస్తే, రెండూ రక్తంలోకి ఒకేలా ఎక్కుతున్నాయా అని ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మీద చూస్తారు. రాత్రి తిండి పెట్టి, పొద్దున పరగడుపున గోళీ మింగిస్తారు. చేతి నరంలో క్యాన్యులా అనే సన్న గొట్టం పెట్టి, గంట గంటకూ, ఒక్కోసారి పావుగంటకే, పన్నెండు నుంచి పద్దెనిమిది సార్లు రక్తం తీస్తారు. కొన్ని రోజులు ఆగి ఇంకో గోళీతో మళ్లీ అదే తంతు. మనం వాడే చవక మందుల్లో చాలావి ఇలాంటి చేతుల మీదుగానే వచ్చాయి. ఆ చేతులకు మనం రుణపడి ఉన్నాం.

ఈ యువకుడి సంతకం ఎవరూ దొంగిలించలేదు. తానే పెట్టాడు. ఫారం తెలుగులోనే ఉంది. కానీ అప్పు కిస్తీ నెత్తి మీదుంది, పత్తి ధర పడిపోయింది. అతనిది స్వేచ్ఛేనా? కాదని సర్కారు తలుపు మూసేస్తే కిస్తీ ఎవరు కడతారు? ఔనని వదిలేస్తే ఒక పరీక్ష ఒళ్లు తేరుకోకముందే ఇంకోచోట పేరు మార్చుకుని చేరతాడు. దీనికి నా దగ్గర జవాబు లేదు. ఉపన్యాసంలో లేని జవాబును కథ వెతకగలదు, ఎందుకంటే కథకుడు అతని ఇంట్లోకి పోగలడు. ఇంట్లో భార్యకు ఏమని చెప్పి బస్సెక్కాడో కథకుడికే తెలుస్తుంది.

కథకులకు ఇంకో పాత్రను చూపిస్తాను. 2019 క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం మనుషుల మీద చేసే పరీక్షలకు ముందుగా అనుమతిచ్చే ప్రతి ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. కనీసం సగం మంది ఆ ఆస్పత్రికి బయటివాళ్లు కావాలి. అందులో ఒకరు డాక్టరు, లాయరు ఎవరూ కాని మామూలు మనిషి అయి ఉండాలి. హనుమకొండలో రిటైరైన ఒక తెలుగు టీచరమ్మ ఆ కుర్చీలో కూర్చుందనుకోండి. చుట్టూ ప్రొఫెసర్లు. పరీక్ష ఎలా చేస్తారో రాసిన నలభై పేజీల ప్రోటోకాల్‌లో ఆమెకు సగం అర్థం కాదు. అంగీకార పత్రం మాత్రం లైను లైను చదువుతుంది. “సార్, ఈ మూడో పేరాలో ‘ప్రతికూల సంఘటన’ అని రాశారు. వాంతులవుతాయనా, చచ్చిపోతారనా?” అని అడుగుతుంది. గదిలో టెన్షన్ మొదలవుతుంది. స్వేచ్ఛకూ కట్టడికీ మధ్య అసలు సరిహద్దు ఆ ప్రశ్న దగ్గర ఉంది. ఆ టీచరమ్మను ప్రభుత్వ నిబంధనే అక్కడ కూర్చోబెట్టింది, ఆమె మాత్రం సర్కారు మనిషి కాదు.

చివరగా, ఇప్పుడు మన ఆదిలాబాద్ వైపు నడుస్తున్న సంగతి. సికిల్ సెల్ రక్తహీనత, అంటే తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే ఒక రక్తం జబ్బు, ఆదివాసుల్లో ఎక్కువ. 2023 జూలైలో కేంద్రం నిర్మూలన మిషన్ మొదలుపెట్టి, 40 ఏళ్ల లోపు వాళ్లకు రక్త పరీక్షలు చేయిస్తోంది. అదే ఏడాది చివర జన్యువును సరిదిద్దే చికిత్సకు బ్రిటన్, అమెరికా అనుమతిచ్చాయి, అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. ఉట్నూరు పిల్లకు అది అందే సంగతి ఇప్పట్లో లేదు. ఆమెకు అందేది పరీక్ష ఫలితం రాసిన కార్డు. తమకు జబ్బు లేకపోయినా దాని జన్యువును మోసే ఇద్దరు పెళ్లి చేసుకుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. అందుకే పెళ్లికి ముందు కార్డులు చూసుకోమంటున్నారు. మంచి ఉద్దేశమే, దీనివల్ల ఎన్నో కడుపుకోతలు తప్పుతాయి. కానీ ఆ కార్డు మొదట ఎవరి చేతికి పోతుంది? ఆ పిల్లకా, తండ్రికా, హాస్టల్ వార్డెన్‌కా? ఊళ్లో సంబంధాలు మాట్లాడేవాళ్ల నోట పడ్డాక దాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరి తరం? ఆమె పరీక్షే వద్దంటే రాసుకుని వదిలేస్తారా, మళ్లీ వస్తారా? ఈ ప్రశ్నలు అక్కడ పనిచేసే ఆశా కార్యకర్తలకు రోజూ ఎదురవుతున్నాయి. వాళ్ల పక్కన నాలుగు రోజులు నడిచి వచ్చినవాళ్లు రాయాల్సిన కథ ఇది.

నేను ఇక్కడ ఆపుతాను. ప్రశ్నలు ముందు వైద్య విద్యార్థులు అడగండి, రేపు ఆ అంగీకార పత్రం చేతిలో పట్టుకుని మంచం పక్కన నిలబడేది మీరే కదా.