వాన ఎంత పడిందని కాదు, ఎప్పుడు పడిందని అడగండి

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల్ని పేరుపేరునా పలకరించాలి గానీ నాకిచ్చిన టైమ్ తక్కువ, ఏమనుకోకండి, నేరుగా విషయంలోకి వచ్చేస్తా.

సీజన్ మొత్తం మీద ఇన్ని మిల్లీమీటర్లు పడింది, నార్మలే అంటారు చూశారా, ఆ మాట వింటే నాకు కోపమొస్తుంది. పంటకి మొత్తంతో పనేంటండీ? మొక్కజొన్న జల్లు, అంటే మగపూత వేసి పీచు తీసే టైమ్‌లో రెండు వారాలు బెట్ట వస్తే అంతే, పుప్పొడి పీచుకి అందదు, కంకిలో గింజ కట్టదు, తర్వాత ఎంత కురిసినా చొప్పకే గానీ గింజకి అక్కరకు రాదు. 2024 ఫిబ్రవరిలో ఆఫ్రికా దక్షిణ దేశాల్లో జరిగింది ఇదే. జాంబియాలో వేసిన మొక్కజొన్నలో దాదాపు సగం, సుమారు 10 లక్షల హెక్టార్లు పోయింది. జాంబియా, మలావి, జింబాబ్వే ఒకదాని తర్వాత ఒకటి విపత్తు ప్రకటించాయి. పసిఫిక్ సముద్రం వేడెక్కి అక్కడ వానల్ని దెబ్బతీసే ఎల్ నినో వచ్చేసిందని అమెరికా వాతావరణ శాఖ చెప్పింది ఎప్పుడో తెలుసా? 2023 జూన్‌లో! అప్పటికి అక్కడ ఇంకా విత్తనమే పడలేదు.

సహారా ఎడారికి దక్షిణంగా ఉన్న సాహెల్ గురించి, సెంట్రల్ అమెరికాలో తరచూ బెట్ట తగిలే డ్రై కారిడార్ ప్రాంతం గురించి కూడా రాసుకొచ్చా, సాహెల్‌లో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఒక్కటే వానాకాలం, జొన్నా సజ్జా ఆ నాలుగు నెలల మీదే ఆధారం. కానీ వాటిని పక్కనపెడతా, సోమాలియా సంగతి చెప్పకుండా నేను దిగలేను.

అక్కడ వానలు ఏడాదికి రెండుసార్లు. మార్చి తర్వాత గూ, అక్టోబర్ నుంచి డెయ్ర్. ఎల్ నినోకి తిరగబడి, పసిఫిక్ చల్లబడే లా నినా వస్తే డెయ్ర్ దెబ్బతింటుందని అందరికీ తెలుసు. 2010 ఆగస్టులోనే ఫ్యూస్‌నెట్ వాళ్లు, అంటే అమెరికా నిధులతో కరువు ముప్పుని ముందే పసిగట్టి చెప్పేవాళ్లు, హెచ్చరించారు. డెయ్ర్ పోయింది, మళ్లీ హెచ్చరించారు, తర్వాత గూ కూడా సరిగ్గా పడలేదు. ఐక్యరాజ్యసమితి కరువు, అంటే వానల్లేకపోవడం కాదు, ఆకలి చావుల దాకా వెళ్లిన ఫామిన్, ప్రకటించింది మాత్రం 2011 జులైలో. దాదాపు 2 లక్షల 60 వేల మంది పోయారండీ, అందులో సగం మంది అయిదేళ్లలోపు పిల్లలు. యుద్ధం ఉంది, సాయాన్ని అడ్డుకున్నవాళ్లున్నారు, కాదనను. కానీ 2017లో అదే దేశం, అదే యుద్ధం, మళ్లీ వానల్లేవు, ఈసారి డబ్బు ముందే కదిలింది, కరువు ప్రకటించాల్సిన అవసరమే రాలేదు. మరి 2011లో ఎందుకు కదల్లేదు? పిల్లల ఫొటోలు టీవీల్లోకి రావాలా?

ఇంకో బాధ. ఇథియోపియా కరువు తర్వాత 1985లో మొదలైన ఆ ఫ్యూస్‌నెట్టే 2025 జనవరిలో అమెరికా నిధులు ఆపేస్తే మూగబోయింది, నెలల తర్వాత గానీ మళ్లీ పనిలోకి రాలేదు. వానలు ఆ నెలలు ఆగి చూస్తాయా?

మీలో వాతావరణం చదివే పిల్లలున్నారు, సాయం సంస్థల్లో పనిచేసేవాళ్లున్నారు, మిమ్మల్నే అడుగుతున్నా. అంచనా ఫలానా స్థాయి దాటిన రోజే ఇంత డబ్బు విడుదలవ్వాలని ముందే రాయించి సంతకాలు పెట్టించండి. మొక్కజొన్న బదులు బెట్టకి ఆగే జొన్న విత్తనం రైతు చేతికి అందించాలంటే విత్తే ముందే అందించాలి, ఒకసారి నాటాక ఎవరూ ఏం మార్చలేరు. టైమైపోయిందని చీటీ వచ్చింది, సరే, ప్రశ్నలుంటే అడగండి.